అసలు ఏది, నకలు ఏది?

అసలు గొప్పది, నకలు అల్పమైనది — చిత్రకళను గురించి మనలో పాతుకుపోయిన అభిప్రాయం యిది. ఒక మిత్రుడు వంద డాలర్ల నోటు చూపించిన నాటినుంచి నాకు దీనిమీద సందేహం పట్టుకున్నది.

ఆ నోటు మీద వున్నది బెంజమిన్ ఫ్రాంక్లిన్ ముఖం. దానికి మాతృక ఫ్రెంచి చిత్రకారుడు డుప్లెసిస్ వేసిన రూపచిత్రం. ఫ్రాంక్లిన్ 1776 డిసెంబరులో ఫ్రాన్సు చేరాడు. బ్రిటిషు సామ్రాజ్యంతో పోరాడుతున్న అమెరికా వలసలకు ఆయుధాలూ, అప్పులూ కావాలి. 16వ లూయీ నిరంకుశుడే గాని బ్రిటనుకు శత్రువు. 1778 ఫిబ్రవరిలో సంధి కుదిరింది. ఆ యేడే తైలవర్ణ చిత్రం పూర్తయింది. వేయించినవాడు షోమోన్ — ఫ్రాంక్లిన్‌కు తన యింట వసతి యిచ్చి, అమెరికాకు యుద్ధసామగ్రి పంపిన వర్తకుడు. 1779 ప్రదర్శనలో ఆ చిత్రం చట్రం మీద చెక్కినది ఒక్క లాటిన్ మాట: 'విర్'. అంటే మనిషి. బిరుదులను బట్టి విలువ కట్టే సమాజంలో, కొవ్వొత్తులు చేసేవాని కొడుకుకు యింతకు మించిన బిరుదు యేముంటుంది?

ఇదే ముఖాన్ని పేస్టల్ సుద్దలతో వేసిన చిత్రం న్యూయార్క్ ప్రజాగ్రంథాలయానికి చెందివున్నది. తైలచిత్రంలో ఎర్రకోటు, బొచ్చు కాలరు. పేస్టల్‌లో సాదా బూడిదరంగు కోటు. పేస్టల్ తరువాతి కాలానిదని చాలాకాలం అనుకున్నారు. కాని తైలచిత్రానికి ఎక్స్‌రే తీసినపుడు బొచ్చు కాలరు కింద ఆ సాదా కోటే బయటపడింది! కారణం పనిముట్లలోనే వున్నది. నూనెరంగు ఆరడానికి రోజులు పడుతుంది. సుద్దకు ఆరే పని లేదు. డెబ్బై యేళ్లు దాటిన మనిషి ఎదుట త్వరగా సుద్దతో గీసుకొని, చిత్రశాలలో తీరికగా నూనెరంగులు వేసుకోవచ్చు. మనం అసలు అని పూజించే తైలచిత్రమే, ఈ లెక్కన, నకలు.

నకళ్లకు అక్కడితో అంతం లేదు. డుప్లెసిస్ చిత్రశాలలోనూ, బయటా అనేకం తయారైనాయి. కూర్చొని కూర్చొని విసిగిపోయానని ఫ్రాంక్లినే 1780లో ఒక లేఖలో మొరపెట్టుకున్నాడు. ఆయన ముఖాన్ని జనంలోకి తీసుకుపోయినవి నకళ్లే. రాచరికానికి లొంగని సామాన్యుని రూపం వాటివల్లనే యిల్లిల్లూ చేరింది. అందుచేత నకలును తృణీకరించడం చరిత్రను తృణీకరించడమే.

అయితే ఏ నకలూ పూర్తి సత్యం చెప్పదు. ఈ 'మనిషి' యింట బానిసలు వుండేవారు. ఆయన పత్రికలో బానిసల అమ్మకం ప్రకటనలు అచ్చయ్యేవి. అదే మనిషి 1790లో, తాను మరణించిన యేడే, బానిసత్వాన్ని రద్దు చేయమని అమెరికా కాంగ్రెసుకు విజ్ఞప్తి చేశాడు. ఈ సంఘర్షణ ఆ ప్రశాంతమైన ముఖంలో కనిపించదు. 1914 నుంచి వంద డాలర్ల నోటు మీద వున్న ఫ్రాంక్లిన్‌లో అసలే కనిపించదు. రాజు లేని రాజ్యాన్ని కోరినవాని ముఖం ధనస్వామ్యానికి ముద్ర అయింది.

కనుక తరగతి గది గోడమీది మహాపురుషుల బొమ్మలను చూపేటప్పుడు, ఇది ఎవరిది అని మాత్రమే అడిగి వూరుకోవద్దని ఉపాధ్యాయ మిత్రులను కోరుతున్నాను. ఈ నకలును ఎవరు తీయించారు, దేనికోసం తీయించారు, అందులో దేనిని వదిలిపెట్టారు అని కూడా విద్యార్థులచేత అడిగించాలి.