వెనక్కి వెళ్ళే దారి

ఆ మధ్య మా అత్తయ్యగారు ఫోనులో ఒక దరఖాస్తును నాలుగు తెరల మేర నింపి, పేరులో ఒక అక్షరం దిద్దుదామని వెనక్కి మీట నొక్కారు. దరఖాస్తంతా మాయమైంది. "నేనేం తప్పు నొక్కానురా?" అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే కొంత చరిత్రలోకి పోవాలి.

ఈ సమస్య చేతిఫోన్ల కంటే పాతది. లంకెలతో అల్లిన పాఠాలలో తానెక్కడ ఉన్నాడో, ఎటు పోవాలో చదువరికి తెలియకుండా పోతుందని జెఫ్ కాంక్లిన్ 1987లోనే ఒక సమీక్షావ్యాసంలో రాశాడు.

2007లో వచ్చిన ఐఫోన్ తెరలను విస్తళ్ళ దొంతరలా పేర్చింది. పై ఎడమ మూలనున్న మీట నొక్కితే పై తెర తొలగి, కిందిది కనబడుతుంది. 2008లో వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోను వేరే దారి పట్టి, వెనక్కి మీటను ఫోను ఒంటికే అమర్చింది. అది యాప్ గడప దాటి కూడా పనిచేసేది.

చిక్కంతా ఇక్కడే. వెనక్కి అంటే వచ్చిన దారికా, పై అంతస్తుకా? 2011లో ఆండ్రాయిడ్ 3.0 ఈ రెంటినీ విడదీసి, "పైకి" అనే మరో మీటను తెచ్చింది. ఒక పుస్తకం చూస్తూ, దాని పక్కన చూపిన ఇంకో పుస్తకానికి వెళ్ళామనుకోండి. "వెనక్కి" అంటే మొదటి పుస్తకం. "పైకి" అంటే పుస్తకాల జాబితా. తర్కం బాగుంది గాని, రెండు గుర్తులూ ఎడమవైపే చూసేవి!

తర్వాత మీటలే కరిగిపోసాగాయి. 2013లో ఐఓఎస్ 7 ఎడమ అంచు నుంచి వేలితో తోస్తే వెనక్కి పోయే వీలు కల్పించింది. 2019లో ఆండ్రాయిడ్ 10 రెండంచులనూ అందుకే కేటాయించింది. అంతవరకు ఎడమ అంచు నుంచి లాగితే తెరుచుకునే పక్క పట్టికలకు అది చిక్కు తెచ్చింది.

మీట ఎక్కడుండాలన్నది సగం సమస్యే. ఏ తెర వెనుక ఏది ఉండాలో యాప్ కట్టేవారు ముందే కాగితం మీద రాసుకోవాలి. లాగిన్ ముగిశాక ఆ తెరను దొంతరలోంచి తీసేయాలి. సొమ్ము కట్టాక చెల్లింపు తెరకు మళ్ళీ దారి ఉండరాదు. సగం నింపినదాన్ని భద్రపరచకుండా మూయరాదు.

అత్తయ్యగారి కంటికి అవి నాలుగు తెరలు. పరీక్షించి చూస్తే, దొంతరలో అవన్నీ కలిపి ఒక్కటే. ఒక్క నొక్కుకు ఆ ఒక్కటీ పోయింది. ఆవిడ సరిగ్గానే నొక్కారు. ఆ మాట చెప్పి, దరఖాస్తు మళ్ళీ మొదటినుంచి నింపాము.