మెట్ల కింది కొయ్య

మా అన్నయ్యగారి కాపురం గుడియాత్తంలో. క్రిందటి ఉగాదికి వాళ్ల అబ్బాయి వేలూరు వచ్చి, "చిన్నాయనా, బేస్ గిటారు కొంటున్నాను. మెట్ల కింద మేపుల్ పలక వున్నది మంచిదా, రోజ్‌వుడ్ వున్నదా?" అని అడిగాడు. నేను రైల్వే గుమాస్తానే గాని విద్వాంసుణ్ణి కాను. అయినా ఆ ప్రశ్న నన్ను పట్టుకున్నది. ఎందుకంటే, గిటారు డబ్బుకోసం మా అవ్వ వీణ అమ్మెయ్యాలని అన్నయ్య ఆలోచన. మెట్లు వొరిగిపోయిన వీణ ఇంకెందుకని ఆయన వాదం.

వీణకు 24 మెట్లు కదలకుండా నిలిపే పద్ధతి తంజావూరు రఘునాథ నాయకుని కాలంలో స్థిరపడిందని సంప్రదాయం. అరవదేశాన్ని ఏలుతూ తెలుగులో కావ్యాలు వ్రాసిన ప్రభువు ఆయన. 'సంగీతసుధ' ఆయన పేరనే వున్నది. కాని దానిని వ్రాసినది తన తండ్రి గోవింద దీక్షితులని వేంకటమఖి చెప్పుకున్నాడు. ఎవరు వ్రాసినా, రఘునాథుని పేరిట ఒక మేళవీణ అందులో వర్ణింపబడింది. వేలూరికి ఆయన పరాయివాడు కాడు. 1614లో వేంకటపతిరాయలు గతించాక ఇక్కడి కోటలో వారసత్వపు పోరు రేగి రాజకుటుంబం హతమైంది. బ్రతికి బయటపడిన రాకుమారుని పక్షాన, యాచమ నాయకునితో కలిసి 1616 ప్రాంతంలో తోపూరు వద్ద యుద్ధం చేసినది ఈ రఘునాథుడే. ఆదివారం కోటకు షికారు పోయే మనవారిలో ఈ సంగతి ఎందరికి తెలుసునో!

తంజావూరులోనైనా, బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలోనైనా వీణకు పనస కొయ్యే పేరుపొందింది. ఒకే దుంగలో తొలిచినది ఏకాండి వీణ. అయితే మెట్లు కొయ్యలో దిగవు. దండిమీద రెండు వరుసలుగా నల్లని మైనపు గట్లు కట్టి, వాటిలో లోహపు మెట్లను నిలుపుతారు.

గిటారు సంగతి వేరు. అమెరికాలో లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్‌కు మెట్లు నేరుగా మేపుల్ మెడలోనే దిగగొట్టారు. ఆ తెల్లకొయ్యకు వార్నిషు తప్పదు. అది అరిగితే మురికి కనబడుతుంది. 1959లో పైన రోజ్‌వుడ్ పలక వచ్చింది. మొదట బ్రెజిల్ కొయ్య వాడేవారు. అది కరువై, 1992లో దాని అంతర్జాతీయ వ్యాపారం నిషేధింపబడింది. దాని స్థానాన్ని చాలావరకు మన దక్షిణదేశపు కొయ్యే తీసుకున్నది. అరవవారు ఈట్టి అంటారు, మనవారు ఇరుగుడు అంటారు. మేపుల్ గణగణ మంటుందనీ, ఇరుగుడు మెత్తగా పలుకుతుందనీ చెప్పుకుంటారు. నాకు మాత్రం, తీగ ఆనేది లోహపు మెట్టుమీద గదా, అంత భేదం ఎక్కడిదీ అనిపిస్తుంది. మెట్లు లేని బేస్ అయితే తీగ కొయ్యనే తాకుతుంది. అక్కడ కొయ్య గట్టిదనం చూడవలసిందే.

అందుచేత అబ్బాయికి ఇరుగుడే చెప్పాను. మన చెమట చేతులకు వార్నిషు మెడ జిగటగా వుంటుంది. కొనేముందు మెడ అంచున వేలు జరిపి చూడమన్నాను. కొయ్య ఎండి కుంచించుకుంటే మెట్ల కొసలు గుచ్చుకుంటాయి.

తరువాత గుడియాత్తం వెళ్లి అవ్వ వీణను దించి చూశాను. ఎక్కడా అతుకు లేదు, చీలిక లేదు. మన ఎండలకు మైనం మెత్తబడి మెట్లు వొరిగాయి, అంతే. పాత మైనం తీసి మళ్లీ మేళం కట్టిస్తే సరిపోతుందని అన్నయ్యకు చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. గిటారుకు నేను కొంత సర్దాను. వీణ ఇంట్లోనే వున్నది; ఈ వేసవి దాటాక మేళం కట్టే మనిషిని పిలిపించాలి.