పాదిరి దొరకు తెలుగు నేర్పిందెవరు?

జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రి పేరు వినని కుటుంబం ఈ పెన్నా తీరాన అరుదు. ప్రొద్దుటూరు నుంచి, పులివెందుల నుంచి, అవతల కోవెలకుంట్ల వైపు పల్లెల నుంచి తరతరాలుగా కాన్పులకూ ఆపరేషన్లకూ జనం అక్కడికి చేరారు. వైద్యవిద్య ముగించుకున్న వై.ఎస్. రాజశేఖరరెడ్డి, పులివెందులలో తండ్రి పేరిట ఆసుపత్రి పెట్టకముందు డాక్టరుగా పనిచేసిందీ అక్కడే. 19వ శతాబ్దం చివర లండన్ మిషనరీ సొసైటీ తరఫున వచ్చిన డాక్టర్ టి.వి. క్యాంప్‌బెల్ పేరు ఆ ఆసుపత్రికి నిలిచింది. నిలవదగిన పేరే. సముద్రాలు దాటి వచ్చిన ఆ వైద్యుడి ముందు కూర్చుని ఒక ముసలావిడ ‘తలకాయ నొస్తాంది సామీ, రెండు దినాలాయ’ అంటే, ఆ మాట ఆయనకు అందేలా చేసినవాళ్లు ఎవరు? వాళ్ల పేర్లు మాత్రం ఏ గోడమీదా లేవు.

లండన్ మిషన్ 1822లో కడపలో పని మొదలుపెట్టింది. అంతకు రెండేళ్ల ముందే, 1820లో, ఇంకో ఇంగ్లీషు యువకుడు ఆ ఊళ్లో దిగాడు. అతనే సి.పి. బ్రౌన్. పాదిరి కాదు, కలెక్టరు దగ్గర సహాయకుడు. కానీ పాదిరి కొడుకు. తండ్రి డేవిడ్ బ్రౌన్ కలకత్తాలో మతగురువు. మద్రాసులో వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర అక్షరాలు దిద్దుకుని వచ్చిన బ్రౌన్‌కు అసలు బడి కడప కచేరీ. రైతులు, కరణాలు, కక్షిదారులు రోజంతా మాట్లాడే తెలుగు అతని చెవిని సానబట్టింది. తర్వాత కడపలోనే బంగళా కొని, పండితులను జీతాలిచ్చి పెట్టుకున్నాడు. జూలూరి అప్పయ్య, రావిపాటి గురుమూర్తి శాస్త్రి లాంటి వాళ్ల పేర్లు ఈనాటికీ మనకు తెలుసంటే, బ్రౌన్ వాళ్ల పనిని వాళ్ల పేరుతోనే చెప్పుకున్నాడు గనక. ఆ బంగళా ఉన్న చోటే జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో లేచిన గ్రంథాలయం ఉంది.

మిషన్ల చరిత్రలో అలాంటి అదృష్టం దక్కిన తెలుగువాడు ఒకడు కనిపిస్తాడు. 1805లో క్రాన్, డెగ్రాంజెస్ అనే ఇద్దరు పాదిరులు విశాఖపట్నంలో దిగారు. వాళ్ల తెలుగు అనువాదానికి వెన్నెముకగా నిలిచినవాడు ఆనందరాయరు అనే బ్రాహ్మణుడు, క్రైస్తవం పుచ్చుకున్నవాడు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో పోయారు. వాళ్లు తెలుగు చేసిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. నాలుగైదేళ్లలో ఒక విదేశీయుడు పరాయి భాషలో అంత పని చేశాడంటే పక్కనే కూర్చుని వాక్యం వాక్యం సరిచేసినవాడి పాలు ఎంతో ఊహించుకోవచ్చు. అయినా పుస్తకం తలుచుకున్నప్పుడు ముందు నోటికొచ్చేవి దొరల పేర్లే.

కడప జిల్లాలో చిక్కు మరింత లోతైనది. కొత్తగా వచ్చిన పాదిరిని మొదటి ఒకటి రెండేళ్లు మున్షీకి అప్పగించేవారు. భాషా పరీక్ష గట్టెక్కితేనే పూర్తి బాధ్యత. మున్షీ సాధారణంగా పండితుడు. చేతిలో పెట్టేది కావ్యభాష, నేర్పేది సంధులూ సమాసాలూ. ఇక పాదిరి వెళ్లి నిలబడాల్సింది జమ్మలమడుగు చుట్టూ ఉన్న నల్లరేగడి పల్లెల్లో. 19వ శతాబ్దం నడిమి నుంచి ఈ జిల్లాలో క్రైస్తవం పుచ్చుకున్నవాళ్లలో ఎక్కువమంది మాలపల్లెల జనం. వాళ్లకు బడి లేదు, పుస్తకం లేదు. మున్షీ నేర్పిన తెలుగులో పాదిరి గంటసేపు బోధిస్తే, అది వాళ్లకు మరో పరాయి భాష. అంటే ఆయన దాటాల్సిన ఏర్లు రెండు: ఇంగ్లీషు నుంచి పుస్తకం తెలుగుకు ఒకటి, పుస్తకం తెలుగు నుంచి పల్లె తెలుగుకు ఇంకొకటి. రెండోదే లోతు ఎక్కువ, ఎందుకంటే దానికి నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు.

ఈ బాధ తెలిసినవాడు గనకనే మచిలీపట్నంలో పనిచేసిన పాదిరి ఏ.హెచ్. ఆర్డెన్ 1873లో వేసిన తెలుగు వ్యాకరణంలో జనం మాట్లాడే భాషకూ గ్రాంథికానికీ మధ్య గీత గీసి, ముందు వాడుక భాషనే నేర్పాడు. గిడుగు వారి ఉద్యమానికి మూడు దశాబ్దాల ముందటి మాట ఇది. వ్యవహార భాష చరిత్ర రాసేటప్పుడు దీనికి ఇంకా పెద్ద చోటివ్వాలని నేను గట్టిగా నమ్ముతాను. అయితే ఆర్డెన్ విన్నది కోస్తా మాట. ‘యాడికి పోతాండావ్’ అనే సీమ పలుకు పాదిరికి నేర్పాల్సింది సీమవాళ్లే.

నేర్పారు. పాదిరి ప్రసంగం ముగిశాక అదే సంగతిని పల్లె మాటల్లో మళ్లీ చెప్పిన ఉపదేశులు నేర్పారు. ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లతో మాట్లాడిన బైబిలు స్త్రీలు నేర్పారు. ఆసుపత్రిలో కాంపౌండర్లు, నర్సులు, ఆయాలు నేర్పారు. ప్రసంగంలో మాట తప్పితే జనం నవ్వి ఊరుకుంటారు. వైద్యంలో తప్పితే ప్రాణం పోతుంది. నొప్పి ఎక్కడ, ఎన్నాళ్ల నుంచి, ఏం మందు మింగావు, ఎవరి దగ్గర చూపించుకున్నావు అని అడగాలి. సిగ్గుపడి సగమే చెప్పే ఆడమనిషి నుంచి మిగతా సగం రాబట్టాలి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ముస్లిం కుటుంబాల నుంచి వచ్చేవారికి ఉర్దూ కావాలి. ఇన్ని పలుకుల మధ్య నిలబడిన నర్సే నిజమైన దుబాసీ.

ఇదే లండన్ మిషన్‌లో కడప, గుత్తి ప్రాంతాల్లో పనిచేసిన మరో క్యాంప్‌బెల్, విలియం హోవర్డ్, పక్షుల మీద ప్రాణం పెట్టినవాడు. 1900లో అనంతపురం దగ్గర ఆయన కలివికోడిని చూసి నమోదు చేశాడు. ఆ తర్వాత ఎనభై ఏళ్లకు పైగా శాస్త్రజ్ఞులెవరికీ ఆ పక్షి కనిపించలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర దాన్ని పట్టి చూపించినవాడు ఐతన్న అనే స్థానికుడు. అతని పేరు నమోదైంది. మంచిదే, కానీ దొరలకు పల్లె తెలుగు నేర్పినవాళ్లకు ఆ పాటి కూడా దక్కలేదు.

లండన్ మిషనరీ సొసైటీ కాగితాలు ఇప్పుడు లండన్‌లోని సోయాస్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. అవి పాదిరుల వైపు కథ. మున్షీలు, ఉపదేశులు, నర్సుల వైపు కథ కోసం ఇక్కడే వెతకాలి, చర్చి బాప్తిస్మపు రిజిస్టర్లలో, మిషన్ బడుల హాజరు పట్టీల్లో, ఇళ్లల్లోని పాత ఫొటోల వెనుక రాతల్లో. జమ్మలమడుగులో ఆ ఆసుపత్రిలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నర్సమ్మలతో మాట్లాడి, వాళ్ల పెద్దలు దొరలకు ఏ మాట ఎలా నేర్పారో రికార్డు చేసే పని యోగి వేమన విశ్వవిద్యాలయం చరిత్ర, తెలుగు విద్యార్థులు ఈ వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టవచ్చు.