తపాలాబిళ్ళల చరిత్రసాధనత్వము

శాసనములును, నాణెములును, తాళపత్రములును దేశచరిత్రమునకు సాధనములని యెల్లరు నంగీకరించిరి. తపాలాబిళ్ళ కా గౌరవ మింకను సరిగా లభింపలేదు. అది బాలుర వేడుక యనియు, ధనికుల వ్యసన మనియు లోకులు తలంతురు. ఆ తలఁపునకుఁ గారణము లేకపోలేదు గాని, యంతమాత్రముచేత వస్తువు తుచ్ఛమగునా?

ఈ వ్యాసంగమునకు 'ఫిలాటెలీ' యను పేరు 1864లో జార్జి హెర్పిను అను ఫ్రెంచివాఁడు కల్పించెను. గ్రీకుభాషలో 'ఫిలో' శబ్దము ప్రియార్థకము. 'టెలోసు' అనఁగా పన్ను, సుంకము. నడుమనున్న అకారము మన నఞ్ వంటిదే. కావున 'సుంకములేమియందుఁ బ్రీతి' యని విగ్రహము చెప్పవలయును. బిళ్ళ యంటించిన జాబును గైకొనువాఁడు మరల రుసు మీయనక్కఱలేదు గదా! వ్యుత్పత్తి సాధువే కాని యర్థము దూరాన్వయము. మన 'అంచె' శబ్దమే యింతకంటె నిండైనది. చేతులు మాఱుచు జాబులు మోసిన బంట్రోతుల పరుగు దానియందు వినవచ్చును. తిరువాన్కూరు, కొచ్చి సంస్థానముల బిళ్ళలపైఁ గనఁబడు 'అంచల్' దీనికి సోదరమే.

బిళ్ళ పుట్టుక 1840లో, ఇంగ్లండున. హిందూదేశమునకంతకును జెల్లు బిళ్ళలు 1854 అక్టోబరు 1వ తేదినుండి వాడుకలోనికి వచ్చెను. వానిని కలకత్తాలోని సర్వేకార్యాలయమున శిలాముద్రణముచే నచ్చొత్తిరి. పావుతులము బరువుగల జాబు దేశమున నెంతదూరము పోయినను అర్ధణా చాలునని నిర్ణయించుట నాఁటి గొప్ప మార్పు. అంతకుమున్ను దూరమునుబట్టి రుసుము పెరుగుచుండెను. దూరదేశమునకు జాబు వ్రాయుట సామాన్యునకు భారముగా నుండెను.

ప్రపంచమందలి బిళ్ళలన్నియు నొక్కచోఁ జేర్పఁబూనిన మహాసంగ్రాహకులలో నిద్దఱిని మాత్రము పేర్కొనిన జాలును. టాప్లింగు అను నాంగ్లేయుని సంగ్రహము 1891లో బ్రిటిషు మ్యూజియమునకుఁ జెందెను. నేఁడది బ్రిటిషు గ్రంథాలయమున నున్నది. ఫెరారీ యనువాఁడు 1917లో మరణింపఁగా, నాతఁడు బెర్లినునకు వ్రాసియిచ్చిన సంగ్రహమును ఫ్రెంచి ప్రభుత్వము వశపఱచుకొని 1921 మొదలు 1925 వఱకు వేలము వేయించెను. ఒకటి నిలిచినది, ఒకటి చెదరినది. ఫెరారీయొద్దనున్న బ్రిటిషు గయానా ఒక సెంటు బిళ్ళ (1856) కథ జగత్ప్రసిద్ధము. 1873లోఁ బండ్రెండేండ్ల బాలుఁ డింటి పాతకాగితములలో దానిఁ గనుఁగొని యాఱు షిల్లింగుల కమ్మెను. 2021లో నదియే 83 లక్షల డాలర్లకుఁ బోయెను. ఇట్టి వెలల కథలే పత్రికలలో నెక్కువగా వచ్చును. పరిశోధకున కవి యంతగా నుపకరింపవు.

పరిశోధకునకు నిజమైన పంట చిన్న సంస్థానముల బిళ్ళలయందుఁ గలదు. నిజాము రాష్ట్రమున 1869లో మొదటి బిళ్ళ వెలువడెను. మఱుసటి యేఁడు స్థానికముగాఁ జెక్కించిన అర్ధణా, రెండణాల బిళ్ళలలో నొక్కొక్క విలువకు 240 భేదములు గలవు; ఏలయన పలకపై నొక్కొక్క బిళ్ళను శిల్పి విడివిడిగాఁ జెక్కెను. ఒకే గ్రంథమునకు 240 ప్రతులు వ్రాసిన లేఖకునిఁ దలఁచుకొనుఁడు! 1871 నుండి వచ్చిన బిళ్ళలలో నాంగ్ల పారసీకములతోఁ గూడఁ దెలుఁగు మరాఠీ లిపులకును జోటు దొరకెను. రాజభాష వేఱయినను, ప్రజ చదువఁగల లిపి లేనిదే తపాలా సాగదని యా ప్రభువులు గ్రహించిరి కాఁబోలు. తెలుఁగులిపి చరిత్ర వ్రాయువా రీ కాగితపుముక్కను విడుచుట తగదు. 1947లో నా రాష్ట్రమే యోరుగంటి కాకతీయతోరణమును, గోలకొండకోటను బిళ్ళలపై నచ్చొత్తించెను. 1950లో నా బిళ్ళల చెలామణి ముగిసెను.

కళింగమునకుఁ బొరుగుననున్న బామ్రా సంస్థానము మఱియు వింతయైనది. 1888లో దేవగఢములోని జగన్నాథవల్లభ ముద్రాలయమున సామాన్యపు టచ్చక్షరములను గూర్చి బిళ్ళలు వేసిరి. ఒడ్రలిపియు నందుఁ గలదు. అక్షరములు కూర్చినవాఁడు 'ఫ్యూడటరీ' యనుపదమున ఎఫ్ బదులు ఇ పెట్టెను. 'క్వార్టరు' పదమున వర్ణవ్యత్యయముఁ జేసెను. తాళపత్రమున నిది లేఖకప్రమాద మనిపించుకొని సవరింపఁబడును. ఇచట నా ప్రమాదమే వెలకు హేతువు! 1894 చివర నా తపాలా యెత్తివేయఁబడెను.

ఇఁక తెలుఁగునేలపైఁ బరదేశపు బిళ్ళ చెల్లిన చోటు యానాము. అచట 1954 వఱకు ఫ్రెంచి హిందూదేశపు బిళ్ళలు వాడుకలో నుండెను. 1923 మొదలు వానిపై విలువ కాషులలోను ఫనములలోను గానవచ్చును: 24 కాషు లొక ఫనము, 8 ఫనము లొక రూపాయి.

పెద్దసంగ్రహములు లేని పల్లెలలోఁ గూడ సామగ్రి కలదు. చీపురుపల్లి ప్రాంతమునే చూడుఁడు. కళింగపట్టణము, భీమునిపట్టణము, విశాఖపట్టణము రేవులనుండి యుత్తరాంధ్రులు వేలకొలఁది రంగూనునకుఁ గూలికై పోయిరి. 1931 నాఁటికి బర్మాలోఁ దెలుఁగువారు లక్షకు మించిరి. 1937 ఏప్రిలు 1న బర్మా హిందూదేశమునుండి విడిపోయెను. దానికి ముందటి రంగూను జాబుపై హిందూదేశపు బిళ్ళయే యుండును. తరువాతిదానిపై నదే బిళ్ళ మీఁద 'బర్మా' యను నక్షరములు నల్లగాఁ గొట్టఁబడి యుండును. 1938 నుండి యా దేశపు స్వంతబిళ్ళ. 1942లో జపానువారి కాలమునఁ బాతబిళ్ళలపై నెమలిముద్ర పడెను. రాజ్యవిభాగము, యుద్ధము రెండును నాలుగు వ్రేళ్ళ మేర కాగితముపైఁ దెలియుచున్నవి.

చిరునామా సైతము సాక్ష్యమే. ఈ యూరు మొదట విశాఖపట్టణము జిల్లాలోనిది. 1950 ఆగష్టు 15న శ్రీకాకుళము జిల్లా యేర్పడఁగా నందుఁ జేరెను. 1979 జూను 1న విజయనగరము జిల్లా పుట్టఁగా దానిలోనికి వచ్చెను. తేది చెరిగిన కవరుకుఁ గాలమును నిర్ణయింప నిదియే యాధారము.

ఇక్కడనే హానియుఁ గలుగుచున్నది. బాలురు కవరును నీటనానఁబెట్టి బిళ్ళను మాత్ర మూడఁదీసి పుస్తకమున నంటింతురు. బిళ్ళ దొరకును, ముద్ర తెగును, చిరునామా పోవును, జాబు పొయ్యిలోఁ బడును. తామ్రశాసనమునుండి రాజముద్రికను మాత్రము కోసికొని పలకలను గరఁగించుట కిది యెట్లు భిన్నము? 1941 డిసెంబరు 23న రంగూనుపై బాంబులు పడెను. 1942 మార్చిలో నగరము జపానువారి వశమయ్యెను. అనేకులు కాలినడకన నడవులు దాఁటి వచ్చిరి. దారిలోఁ జనిపోయినవారి చేవ్రాలు మిగిలిన దనిన నింటి దూలముపై దారమునఁ గ్రుచ్చియుంచిన యా జాబులలోనే. పాఠశాలల పండితులు విద్యార్థులకుఁ గత్తెర నిచ్చుటకు ముందు, బిళ్ళను గవరుతోఁ గూడ నుంచి, యది యెవరియింటినుండి వచ్చినదో వెనుకఁ బెన్సిలుతో వ్రాయించుట మేలు.