యంత్రము మేల్కొను క్రమము

మన నాగల్‌గిద్ద ప్రాంతమున నేడు భూమి పత్రము కావలెనన్న కంప్యూటరు నాశ్రయింపవలసినదే. ఒకనాడు నేనట్టి పనికై ఒక కార్యాలయమునకు పోగా, అచ్చటి యంత్రము నల్లని తెరపై రెండు తెల్లని పంక్తులు చూపి నిలిచిపోయెను. "లెక్కలన్నీ పోయినయ్!" అని ప్రక్కనున్న ముసలి రైతు తల పట్టుకొనెను. పని చూచు పిల్లవాడు ఆ పంక్తులు చదివి, "పోలేదు తాతా, గిది రెండో మెట్టు కాడనే ఆగింది" అనెను. ఆ మెట్లెట్టివో చెప్పుటకే ఈ ప్రసంగము.

తర్కము చదివినవారికి తొలుతనే ఒక శంక కలుగును. కంప్యూటరు ఏ పని చేయవలెనన్నను దాని జ్ఞాపకమున ముందుగా ఆజ్ఞలుండవలెను. ఆజ్ఞలను లోనికి తెచ్చుటయు ఒక పనియే కదా. దానికిని ఆజ్ఞలు కావలెను. తమ్ము తామే తెచ్చుకొనునన్న ఆత్మాశ్రయ దోషము. వేరొకటి తెచ్చునన్న అనవస్థ. ఆంగ్లభాషలో, తన బూటు పట్టీలు పట్టుకొని తన్ను తానే పైకెత్తుకొనుట అను నానుడి కలదు. దానినుండియే ఈ క్రియకు 'బూట్' అను పేరు వచ్చినది.

మొదటి దినములలో ఈ చిక్కును మనుష్యుని వ్రేళ్లే తీర్చినవి. 1967లో హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ వెలసెను. దానిని తీర్చిదిద్దినవారు మన తెలుగువారే, అయ్యగారి సాంబశివరావుగారు. 1969లో ట్రాంబేలో రూపొందిన టి.డి.సి.-12 వంశమునకు చెందిన 312, 316 సంఖ్యల యంత్రములను 1970వ దశకమున ఈ సంస్థ నిర్మించెను. ఆ తరపు చిన్న కంప్యూటర్ల ముఖమున మీటలు బారులు తీరియుండుట పరిపాటి. మీట ఒకవైపున్న ఒకటి, రెండవవైపున్న సున్న. పనివాడు ఒక్కొక్క ఆజ్ఞను మీటలతో పేర్చి లోనికి పంపును. పదునైదో ఇరువదియో ఆజ్ఞలు, అంతే. చిల్లుల కాగితపు పట్టీని చదువుట తప్ప అవి మరేమియు నెరుగవు. ఆ పట్టీలోని ఆజ్ఞలు అంతకంటె పెద్దవానిని లోనికి తెచ్చును. చేతిపంపు ఎండియున్నచో పైనుండి చెంబెడు నీరు పోసి కొట్టుదుము గదా, అట్టిదే. ఒక్క మీట తప్పినను మరల మొదటికి! అయితే ఆనాటి అయస్కాంత వలయముల జ్ఞాపకము విద్యుత్తు పోయినను నిలుచునది గనుక, లోని ఆజ్ఞలు చెరగనిచో మరునాడు ఆ శ్రమ తప్పుచుండెను.

తరువాత ఆ చెంబెడు నీటిని యంత్రములోనే, చెరగని జ్ఞాపకపు బిళ్లలో పదిలపరచిరి. 1981లో వెలువడిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరులో దాని పేరు బయాస్. విద్యుత్తు తాకగానే ప్రాసెసరు ముందే నిర్ణయింపబడిన చోటికి పోయి దానిని చదువును. అది జ్ఞాపకమును పరీక్షించి, డిస్కుపై మొట్టమొదటి 512 బైట్లను మాత్రము లోనికి తెచ్చును. ఇది మొదటి మెట్టు. అవి లోడరును పిలుచును. లోడరు, ఆపరేటింగ్ సిస్టమునకు గుండెకాయ వంటి కెర్నెలును వెదకి తెచ్చును. కెర్నెలు తక్కిన పరివారమునంతను లేపును. నేటి యంత్రములలో బయాస్ స్థానమున యు.ఇ.ఎఫ్.ఐ. వచ్చి ఆ 512 బైట్ల నిర్బంధమును తొలగించినను, చిన్నది పెద్దదానిని లేపు వరుస మారలేదు.

ఆనాడు కార్యాలయమున లోడరు లేచినది గాని, దానికి కెర్నెలు దొరకలేదు. భూమి లెక్కలా? అవి ఆ యంత్రమున లేనే లేవు. దూరమున సర్వరులలో నున్నవి. పిల్లవాడు ఆపరేటింగ్ సిస్టమును మరల నెక్కించెను. సాయంకాలమునకు రైతు చేతికి పత్రము వచ్చెను.