బ్యాండు ముందు నిలబడేదెవరు

అమెరికాలో బడిపిల్లల బ్యాండు అచ్చం పటాలంలా ఎందుకు నడుస్తుందో తెలియాలంటే 1862 దాకా వెళ్ళాలి. అంతర్యుద్ధం మధ్యలో లింకన్ సంతకం చేసిన మోరిల్ చట్టం రాష్ట్రాలకు భూములిచ్చి కాలేజీలు పెట్టించింది. వ్యవసాయం, యంత్రవిద్యలతో పాటు సైనిక శిక్షణ కూడా ఉండాలంది. కవాతు ఉన్నచోట డప్పు ఉండాలిగా! మా కొలంబస్‌లోని ఓహాయో స్టేట్ యూనివర్సిటీ బ్యాండు 1878లో అలా పుట్టిందే, క్యాడెట్ల అడుగులకు పిల్లనగ్రోవులూ డప్పులూ వాయించడానికి.

తర్వాత ఈ బ్యాండ్లు ఫుట్‌బాల్ మైదానానికి చేరాయి. 1907లో పర్డ్యూ విద్యార్థులు మైదానం మధ్యలో ‘పి’ అక్షరం ఆకారంలో నిలబడ్డారు. హైస్కూళ్ళకు ఈ పిచ్చి బలంగా పట్టింది మొదటి ప్రపంచయుద్ధం తర్వాత. 1923లో షికాగోలో తొలి జాతీయ స్కూలు బ్యాండ్ల పోటీ పెట్టించింది వాయిద్యాలు తయారుచేసే కంపెనీలే. సంగీతం మీద ప్రేమతో పాటు అమ్మకాల మీద కన్నూ లేకపోలేదు. గెలిచింది మా ఓహాయోలోని ఫోస్టోరియా హైస్కూలు. (‘మా’ అంటున్నానంటే ఇక్కడ ముదిరినట్టే!)

సైన్యం పోయినా ఒక హోదా మిగిలింది: డ్రమ్ మేజర్. పేరులో డ్రమ్మున్నా చేతిలో ఏ వాయిద్యమూ ఉండదు. ఆట మధ్య విరామంలో ఎత్తైన బల్ల ఎక్కి, మైదానమంతా పరుచుకున్న పిల్లలకు చేతులతో లయ చూపించాలి. ఎండలో రిహార్సల్ నడిపించాలి, ఏడ్చే తొమ్మిదో తరగతి పిల్లల్ని ఓదార్చాలి. ఎంపిక వసంతకాలంలో. సెల్యూట్ చూస్తారు, కవాతు ఆజ్ఞలు ఇప్పిస్తారు, బ్యాండ్ డైరెక్టర్ ఇంటర్వ్యూ చేస్తాడు. కొన్ని బళ్ళలో తోటిపిల్లల ఓట్లు కూడా.

మా పెద్దమ్మాయి క్లారినెట్ వాయిస్తుంది. ఈ పదవికి పేరిచ్చింది. చిన్నప్పటినుంచీ దాని పక్క కుర్చీలో కూర్చునే స్నేహితురాలూ పేరిచ్చిందని తెలిసి, “నువ్వు తప్పుకోకూడదటే?” అన్నాను. “అదొక్కతే నిలబడితే గెలిచినట్టు ఎలా అవుతుందమ్మా?” అంది. ఇద్దరూ మా బేస్‌మెంట్‌లో అద్దం ముందు నిలబడి ఒకళ్ళ సెల్యూట్ ఒకళ్ళు దిద్దుకున్నారు. నా చిన్నప్పుడు మా బళ్ళో క్లాస్ లీడర్ని మాస్టారే వేలుచూపి లేపేవారు; నాకు కావాలని నోరు తెరిచినవాడికి పొగరుబోతని పేరు. ఇక్కడ అడగనివాడికి దక్కదు. ఆ మాటకొస్తే అడిగే హక్కు అందరికీ ఎప్పుడూ లేదు. ఓహాయో స్టేట్ బ్యాండు తలుపులు ఆడపిల్లలకు తెరుచుకున్నది 1973లో, చదువులో ఆడామగా వివక్ష కూడదన్న టైటిల్ నైన్ చట్టం వచ్చిన మరుసటేడు.

అలాగని ముందుండాలన్న ఈ కోరికను అమెరికా నిశ్చింతగా మోస్తోందనుకోకండి. దాన్ని నిలదీసిన గొంతుల్లో గొప్పది మార్టిన్ లూథర్ కింగ్‌ది. 1968 ఫిబ్రవరి 4న అట్లాంటాలోని ఎబెనెజర్ చర్చిలో ఆయన చేసిన ప్రసంగం పేరే ‘ది డ్రమ్ మేజర్ ఇన్‌స్టింక్ట్’. యాకోబు, యోహాను వచ్చి యేసుకు కుడిఎడమల కూర్చోనిమ్మని అడిగిన బైబిలు కథ ఎత్తుకుని, ఊరేగింపుకు ముందు నడవాలన్న ఈ తపన అందరిలోనూ ఉందన్నాడు. స్తోమతకు మించి కార్లు కొనిపించేదీ, తెల్లవాడికి తానే అధికుణ్ణన్న భ్రమ కల్పించేదీ, దేశాల్ని యుద్ధంలోకి దించేదీ అదేనన్నాడు. అయినా ఆ కోరికను చంపుకోమనలేదు, సేవలో ముందుండమన్నాడు. తాను పోయాక ఎవరైనా తనను డ్రమ్ మేజర్ అనదలిస్తే, న్యాయం కోసం అయ్యాడని చెప్పమన్నాడు. సరిగ్గా రెండు నెలలకు ఆయన్ని కాల్చి చంపారు. అంత్యక్రియల్లో ఆ ప్రసంగం రికార్డే వినిపించారు.

2011లో వాషింగ్టన్‌లో తెరిచిన ఆయన స్మారకంపై ఆ మాటలు కుదించి చెక్కారు. ‘ఎవరైనా అనదలిస్తే’ అన్న ముక్క ఎగిరిపోయి, నేనే డ్రమ్ మేజర్నని ఆయన చాటుకున్నట్టయింది. ఇది ఆయన్ని అహంకారిగా చూపిస్తోందని కవయిత్రి మాయా ఏంజెలో మండిపడింది. 2013లో ఆ వాక్యాన్ని తొలగించారు. నన్నడిగితే ఆమె కోపం న్యాయమే.

మా ఇంటి పోటీలో స్నేహితురాలు గెలిచింది. మా అమ్మాయికి క్లారినెట్ల జట్టు బాధ్యత ఇచ్చారు. రాత్రంతా ఏడ్చింది, పొద్దున్నే ఆ పిల్లకు ఫోన్ చేసింది. వీళ్ళ బళ్ళో ఈ పదవికి ఏటా కొత్తగా ఎంపిక, నిరుడు బల్ల ఎక్కినవాళ్ళకూ మినహాయింపు లేదు. వచ్చే వసంతంలో ఇద్దరూ మళ్ళీ పేర్లిస్తారట.