లోహపు అతుకు: కొలిమినుండి విద్యుజ్జ్వాల వఱకు



లోహమును సాధించుట యొక విద్య. లోహమును లోహముతో నతుకుట వేఱొక విద్య. ఈ రెండవదాని చరిత్రమును నేఁడు సంగ్రహముగా విన్నవించెదను. నేను బడిపంతులుగాఁ బనిచేసి విరమించినవాఁడను, లోహకారుఁడను గాను. అయినను, వస్తువు విఱుగునది తఱచుగా నతుకుకడనే గనుక, ఈ చరిత్రము మన మెఱుఁగఁదగినదని నా తలఁపు.

మన నల్లచెరువు ప్రాంతమున బండిచక్రమునకుఁ బట్టా వేయుట నెఱుఁగని పెద్ద లుండరు. కమ్మరి యినుపపట్టా కొసలను తెల్లబాఱఁ గాల్చి, దాగలిపై సమ్మెటతోఁ గొట్టి యేకము చేయును. కాల్చునపు డిసుక చల్లుటయుఁ గలదు. అది కరఁగి పైపొర యగును. గాలి సోఁకి యేర్పడిన చిట్టెమును దెబ్బతోఁ గూడ వెలికిఁ బంపును. అతుకునకు గాలి శత్రువని కొలిమివిద్య యేనాఁడో గ్రహించినది.

ఇఁక టైటానియ మను లోహము సంగతి. 1791లో ఇంగ్లండునందలి కార్న్‌వాలులో విలియం గ్రెగరను మతాచార్యుఁడు నల్లని యిసుకలో దీని జాడ కనుఁగొనెను. 1795లో జర్మను పండితుఁడు క్లాప్రోతు దీనికిఁ బేరు పెట్టెను. దీని ఖనిజమగు ఇల్మనైటు మన భీమునిపట్టణపు తీరపుటిసుకలోను గలదు. ఇది యినుముకంటె మిక్కిలి తేలిక, తుప్పు పట్టదు, విమానములకును రాకెట్లకును ప్రియమైనది. కాని 1668 డిగ్రీల వేఁడిఁ గాని కరఁగదు. కాఁగినపుడు గాలిలోని ప్రాణవాయువును నత్రజనిని పీల్చి పెళుసెక్కును. ఇసుకపొర దీనిని రక్షింపఁజాలదు.

ఉపాయము వేఱొకచోట దొరకెను. 1894లో రేలీ, రామ్సే యను పండితులు ఆర్గాను కనుఁగొనిరి. అది దేనితోను గలియని వాయువు. 1941 ప్రాంతమున అమెరికాలో మెరిడితు అను నతఁడు టంగుస్టను కడ్డీనుండి విద్యుజ్జ్వాలను వెలువరించి, చుట్టును హీలియమను జడవాయువును పాఱించి లోహము నతికెను. తరువాత ఆర్గానును ఆ పనికి వాడుకలోనికి వచ్చెను.

గాలి బాధ తీఱినను వేఁడి బాధ మిగిలెను. ప్రవాహ మెడతెగక పాఱినచో అతుకు నెమ్మదిగాఁ జల్లారి, లోపలి రేణువులు పెద్దవై పొడుగుసాఁగును. అట్టి యతుకు సాగుట తక్కువ. అందులకై ప్రవాహమును నాడివలెఁ గొట్టుకొన నిచ్చిరి: హెచ్చు ప్రవాహము లోహమును గరఁగించును, వెంటనే వచ్చు తక్కువ ప్రవాహము జ్వాలను మాత్రము నిలుపును. ఆ విరామమున ద్రవము చల్లారును, వేఁడి మొత్తము తగ్గును, రేణువులు సన్నమగును. బలమును, సాగెడి గుణమును మెఱుఁగగును. నాడి కాలమును తగుమాత్రముగా నేర్పఱుపకున్న ఫలము దక్కదు.

ఈ విద్య పరదేశములదే యనుకొనరాదు. హైదరాబాదున రక్షణశాఖ లోహపరిశోధనాలయము 1963లోను, మిశ్రధాతు నిగమము 1973లోను వెలసినవి. ఆ పరిశోధనాలయము వారును మదరాసు ఐ.ఐ.టి. వారును 1999లో ప్రకటించిన వ్యాసమున, ఆల్ఫా-బీటా జాతి టైటానియపు మిశ్రములలో నాడిప్రవాహముచే అతుకులోని రేణువులు సన్నబడుట చూపఁబడినది.

బండ్లు తగ్గి కొలిములు చల్లారుచున్నవి. కమ్మరియింటి పిల్లవాఁడు వెల్డింగు నేర్తు ననఁగా, "అదియు నొక చదువా?" యని చిన్నచూపు చూడవలదు. తాతగారి కొలిమిలోని ప్రశ్నలే యతని యెదుటను నున్నవి: గాలి నెట్లాపుట? వేఁడి నెంత యిచ్చుట? వానిని శాస్త్రముతో నేర్చుకొన నతనికిఁ దోడ్పడుఁడు. ఇదియే నా మనవి.